బాంటింగ్ కుక్కలు నేర్పిన చక్కెర పాఠం

ఇన్సులిన్ వెనకున్న వైద్యుడి పేరు చాలామందికి తెలుసు. కానీ రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పడిపోవటానికి ఒంట్లో దాగిన కణితి కూడా కారణం కావొచ్చని తెలుసుకునే దారి ఆయన ప్రయోగశాల నుంచే మొదలైందని తెలిసినవారు తక్కువ. నాడు ఆ పరిశోధనకు ప్రాణాలిచ్చిన కుక్కల జాతికే నేడు ఆ విద్య మేలు చేస్తోంది.

నవంబరు 14 అనగానే మనకు బాలల దినోత్సవం గుర్తుకొస్తుంది. అదే రోజు ప్రపంచ మధుమేహ దినం కూడా. ఆ తేదీని ఊరికే ఎంచుకోలేదు. 1891లో సరిగ్గా ఆ రోజునే కెనడాలోని అలిస్టన్ దగ్గర ఒక రైతు కుటుంబంలో ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టారు. మీ ఇంట్లో అమ్మకో నాన్నకో రోజూ ఇన్సులిన్ సూది వేస్తున్నారంటే దానికి మూలం ఈయన మొదలుపెట్టిన ప్రయోగమే.

ఇన్సులిన్ రక్తంలో చక్కెరను తగ్గిస్తుందన్నది మీకు తెలిసిందే. మరి అవసరానికి మించి తగ్గిస్తే? అసలు ఇన్సులిన్ తీసుకోనివారిలోనూ చక్కెర పడిపోతుంటే? ఈ ప్రశ్నలకు జవాబు దొరకటానికి దశాబ్దాలు పట్టింది. ఆ జవాబు తెలియాలంటే ముందు బాంటింగ్ కథ తెలుసుకోవాలి.

పొలం నుంచి యుద్ధభూమికి

అయిదుగురు పిల్లల్లో బాంటింగ్ చివరివారు. బడిలో గొప్ప విద్యార్థేమీ కాదు. టొరంటో విశ్వవిద్యాలయంలో మొదట ఆర్ట్స్ కోర్సులో చేరి, మొదటి ఏడాదే తప్పారు. తర్వాత 1912లో వైద్యవిద్యకు మారారు. అప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం. సైన్యానికి వైద్యుల అవసరం ఎక్కువగా ఉండటంతో ఆయన తరగతి చదువును తొందరగా ముగించారు. 1916 చివరలో పట్టా చేతికి రాగానే ఆయన సైన్యంలో చేరారు.

1918లో ఫ్రాన్స్‌లోని కాంబ్రే దగ్గర జరిగిన పోరులో గుండు ముక్క తగిలి ఆయన కుడి ముంజేయికి తీవ్ర గాయమైంది. అయినా గాయపడ్డ సైనికులకు గంటల తరబడి చికిత్స చేస్తూనే ఉన్నారు. ఆ ధైర్యానికి మిలిటరీ క్రాస్ పతకం దక్కింది.

ఇంటికొచ్చాక జీవితం అంత సాఫీగా సాగలేదు. 1920 జులైలో ఒంటారియో రాష్ట్రంలోని లండన్ అనే పట్టణంలో సొంతంగా ప్రాక్టీసు పెట్టారు. రోజులు గడుస్తున్నా రోగులు రాలేదు. మొదటి నెల సంపాదన మొత్తం 4 డాలర్లు. ఖర్చులు గడవక అక్కడి వైద్య కళాశాలలో పాఠాలు చెప్పటానికి ఒప్పుకొన్నారు. చరిత్రను మలుపు తిప్పింది ఆ చిన్న ఉద్యోగమే.

అర్ధరాత్రి దాటాక ఒక ఆలోచన

1920 అక్టోబరు చివర్లో, మర్నాడు చెప్పాల్సిన పాఠం కోసం ఆయన పుస్తకాలు తిరగేశారు. పిండిపదార్థాలను ఒళ్లు ఎలా వాడుకుంటుందన్నది పాఠం. ఆ రాత్రే క్లోమంలోని నాళం రాయితో మూసుకుపోయిన ఒక కేసు గురించిన వ్యాసం చదివారు. తెల్లవారుజామున రెండు గంటల వేళ లేచి, తట్టిన ఆలోచనను నోటుపుస్తకంలో రాసుకున్నారు.

క్లోమం రెండు పనులు చేస్తుంది. ఒకవైపు అన్నాన్ని జీర్ణం చేసే రసాలను పేగులోకి వదులుతుంది. మరోవైపు అందులో అక్కడక్కడ దీవుల్లా ఉండే కణాల గుంపులు చక్కెరను అదుపు చేసే పదార్థాన్ని నేరుగా రక్తంలోకి వదులుతాయి. కుక్క క్లోమాన్ని తీసేస్తే దానికి మధుమేహం వస్తుందని 1889లోనే జర్మన్ శాస్త్రవేత్తలు మింకోవ్‌స్కీ, మేరింగ్ చూపించారు. కానీ ఆ పదార్థాన్ని బయటికి తీయటం మాత్రం ఎవరికీ సరిగా సాధ్యపడలేదు. జీర్ణరసాలే దాన్ని పాడుచేస్తున్నాయని బాంటింగ్ అనుకున్నారు. కుక్క క్లోమ నాళాన్ని దారంతో కట్టేస్తే జీర్ణరసాలు చేసే కణాలు ఎండిపోతాయి, దీవుల్లాంటి కణాలు మిగులుతాయి, అప్పుడు వాటి సారం తీయొచ్చన్నది ఆయన ఆలోచన.

ఆ వేసవి, ఆ కుక్కలు

ఈ ఆలోచనతో ఆయన టొరంటో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ జాన్ మెక్‌లాయిడ్‌ను కలిశారు. ఈ రంగంలో ఆరితేరిన మెక్‌లాయిడ్‌కు అంత నమ్మకం కుదరలేదు. అయినా ఒక గది, పది కుక్కలు, ఒక విద్యార్థి సహాయకుణ్ని ఇచ్చారు. ఆ విద్యార్థే చార్లెస్ బెస్ట్. 1921 మే 17న పని మొదలైంది.

శస్త్రచికిత్సలు బాంటింగ్ చేసేవారు. రక్తంలో, మూత్రంలో చక్కెర కొలిచే పని బెస్ట్‌ది. ఈ కొలత మీదే అంతా ఆధారపడి ఉందని గమనించండి. చక్కెర అంకె తెలియకపోతే కుక్క మందు వల్ల కోలుకుందో, తనంతట తానే తేరుకుందో చెప్పటానికి ఆధారమే ఉండదు.

మొదటి వారాలు కష్టంగా గడిచాయి. వేసవి ఎండ, చాలని వసతులు. శస్త్రచికిత్సలు వికటించి, చీము పట్టి కుక్కలు ఒక్కొక్కటిగా చనిపోయాయి. జులై 30న మాత్రం ఒక కుక్కకు సారం ఎక్కించగానే చక్కెర 200 నుంచి 120కి దిగింది. ఆ కుక్క మర్నాటికి బతకలేదు. అయినా ఆ అంకె వాళ్లకు కొండంత ధైర్యాన్నిచ్చింది. తర్వాత మార్జరీ అని పేరు పెట్టుకున్న కుక్క క్లోమం లేకుండానే, ఈ సారం మీద 70 రోజుల దాకా బతికింది.

1921 చివర్లో జీవరసాయన నిపుణుడు జేమ్స్ కోలిప్ బృందంలో చేరి సారాన్ని శుద్ధి చేసే పని చేపట్టారు. 1922 జనవరి 11న టొరంటో జనరల్ ఆసుపత్రిలో లియొనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొదటి సూది వేశారు. అది శుద్ధంగా లేకపోవటంతో సూది వేసినచోట గడ్డ కట్టింది. ఫలితమూ అంతంతే. జనవరి 23న కోలిప్ శుద్ధి చేసిన మందు ఇచ్చాక మాత్రం 520 ఉన్న చక్కెర 120కి దిగింది. చావు అంచున ఉన్న పిల్లాడు లేచి కూర్చున్నాడు. ఆ తర్వాత మరో 13 ఏళ్లు బతికాడు.

అదే ఏడాది ఆగస్టులో అమెరికా నుంచి ఎలిజబెత్ హ్యూస్ అనే అమ్మాయిని తీసుకొచ్చారు. 15 ఏళ్లు నిండబోతున్న ఆమె బరువు 20 కిలోలకు మించి లేదు. ఇన్సులిన్ మొదలుపెట్టాక ఆమె కోలుకుని, పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, 1981 దాకా జీవించారు.

ఈ మందుపై హక్కులను బాంటింగ్, బెస్ట్, కోలిప్ ఒక్కొక్కరు ఒక్క డాలరుకే విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. 1923లో బాంటింగ్, మెక్‌లాయిడ్‌లకు నోబెల్ వచ్చింది. తన పేరు పక్కన బెస్ట్ పేరు లేనందుకు బాంటింగ్ మండిపడి, తన సొమ్ములో సగం ఆయనకు పంచారు. మెక్‌లాయిడ్ తన వాటాలో సగం కోలిప్‌కు ఇచ్చారు. అప్పటికి బాంటింగ్ వయసు 32. వైద్యంలో అంత చిన్న వయసులో నోబెల్ అందుకున్నవారు ఇప్పటికీ మరొకరు లేరు.

చక్కెర మరీ తగ్గితే...

ఇప్పుడు అంతగా చెప్పుకోని రెండో సగానికి వద్దాం. మందు బలాన్ని తేల్చటానికి కోలిప్ కుందేళ్లకు సారం ఎక్కించి చూసేవారు. మోతాదు ఎక్కువైన కుందేళ్లు తూలిపోయి, ఫిట్స్ వచ్చి కొట్టుకునేవి. గ్లూకోజు ఎక్కించగానే కాసేపట్లోనే మామూలైపోయేవి. ఆసుపత్రిలో రోగుల్లోనూ ఇదే కనిపించింది. చెమట, వణుకు, విపరీతమైన ఆకలి, మాట తడబడటం, స్పృహ తప్పటం. కాస్త నారింజరసమో మిఠాయో తీసుకుంటే తేరుకునేవారు. చక్కెర పడిపోతే మనిషి ఎలా ఉంటాడో వైద్యులు ఇలా దగ్గరుండి చూశారు.

కళ్లతో చూసినదాన్ని మరోచోట గుర్తుపట్టటం తేలిక. 1924లో అమెరికాలోని అలబామాకు చెందిన డాక్టర్ సీల్ హారిస్, ఇన్సులిన్ తీసుకోనివారిలోనూ ఇవే లక్షణాలు ఉండటాన్ని గమనించి రాశారు. వాళ్ల క్లోమమే ఇన్సులిన్‌ను ఎక్కువగా వదులుతోందన్నది ఆయన ఊహ. మరి కొద్దికాలానికే మేయో క్లినిక్‌లో ఇలాంటి లక్షణాలున్న ఒక రోగికి పొట్ట తెరిచి చూస్తే క్లోమంలో కణితి, అది కాలేయానికీ పాకి ఉండటం కనిపించాయి. ఆయన చనిపోయాక ఆ కణితి నుంచి తీసిన సారాన్ని కుందేళ్లకు ఇస్తే వాటి చక్కెర పడిపోయింది. కణితే ఇన్సులిన్ చేస్తోందని తేలిపోయింది. ఆ వివరాలు 1927లో అచ్చయ్యాయి.

రెండేళ్లకు, 1929లో, బాంటింగ్ ఉన్న టొరంటోలోనే సర్జన్ రాస్కో గ్రాహం ఇలాంటి కణితిని తీసేసి ఒక రోగికి పూర్తిగా నయం చేశారు. ఆ కేసును ప్రపంచానికి వెల్లడించిన వైద్యుల్లో వాల్టర్ కాంబెల్ ఒకరు. ఏడేళ్ల కిందట లియొనార్డ్‌కు చికిత్స చేసినవారిలోనూ ఆయన ఉన్నారు. ఇన్సులిన్ చాలక ప్రాణం మీదికి తెచ్చుకున్న పిల్లాణ్ని, ఇన్సులిన్ ఎక్కువై ఫిట్స్‌తో అల్లాడిన రోగిని ఒకే వైద్యుడు చూశారన్నమాట.

ఆఖరి ప్రయాణం

బాంటింగ్ మాత్రం మధుమేహం దగ్గర ఆగలేదు. ఆయన మనసు క్యాన్సర్ మీదికి మళ్లింది. కోళ్లలో వచ్చే రౌస్ సార్కోమా అనే కణితి మీద ఏళ్ల తరబడి పనిచేశారు. చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. మరో పెద్ద విజయం కావాలని లోకం ఎదురుచూస్తుంటే ఆ బరువు ఆయన్ను కుంగదీసింది. కుంచె పట్టుకుని మంచుకొండలకూ పల్లెలకూ వెళ్లి బొమ్మలు వేయటంలో ఊరట వెతుక్కున్నారు. చిత్రకారుడు ఎ.వై. జాక్సన్‌తో కలిసి 1927లో ఉత్తరధ్రువ ప్రాంతానికీ వెళ్లొచ్చారు.

రెండో ప్రపంచ యుద్ధం రాగానే మళ్లీ సైనిక వైద్య పరిశోధనలోకి దిగారు. 1941 ఫిబ్రవరిలో ఆ పని మీదే ఇంగ్లండ్‌కు బయలుదేరారు. ఆయన ఎక్కిన విమానం న్యూఫౌండ్‌లాండ్‌లో కూలిపోయింది. పైలట్ ఒక్కడే బతికాడు. బాంటింగ్ ఫిబ్రవరి 21న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 49.

ఇన్సులిన్ కాని ‘ఇన్సులిన్’

ఆయన వెళ్లిపోయే నాటికి ఒక చిక్కుముడి మిగిలే ఉంది. కొందరికి క్లోమంలో ఏమీ ఉండదు. కాలేయంలోనో ఛాతీలోనో పెద్ద కణితి ఉంటుంది. అయినా చక్కెర పడిపోతుంటుంది. దీన్ని 1929, 1930ల్లోనే వైద్యులు నమోదు చేశారు. కారణం తేల్చటానికి చక్కెరను కొలిస్తే చాలదు, ఇన్సులిన్‌నే కొలవాలి. ఆ వీలు 1960లో దొరికింది. అమెరికాలో రోసలిన్ యాలో, సాలమన్ బెర్సన్ రక్తంలో అతి సూక్ష్మ మోతాదులో ఉండే ఇన్సులిన్‌ను లెక్కగట్టే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతితో చూస్తే ఈ రోగుల్లో ఇన్సులిన్ ఎక్కువ లేకపోగా బాగా తక్కువ ఉంది. అంటే చక్కెరను లాగేస్తున్నది మరొకటి!

అదేమిటో మెల్లగా తెలిసింది. మన రక్తంలో ఇన్సులిన్‌ను పోలిన వృద్ధి ప్రొటీన్లు రెండున్నాయి. వాటిని ఐజీఎఫ్-1, ఐజీఎఫ్-2 అంటారు. కణాలు పెరగటానికి తోడ్పడటం వీటి పని. 1978లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు వీటి నిర్మాణాన్ని విప్పి చూపారు. అది ఇన్సులిన్‌కు దగ్గరి చుట్టంలా ఉంది. మామూలుగా ఇవి వేరే ప్రొటీన్లకు అతుక్కుని రక్తంలో తిరుగుతాయి కాబట్టి చక్కెర జోలికి అంతగా పోవు. కొన్ని కణితులు మాత్రం సగం తయారైన, పరిమాణం పెద్దదైన ఐజీఎఫ్-2ను కుప్పలుగా వదులుతాయి. అది ఆ ప్రొటీన్ల కట్టులో సరిగా ఇమడదు. స్వేచ్ఛగా కణజాలాల్లోకి వెళ్లి, ఇన్సులిన్ తలుపునే తట్టి, చక్కెరను లోపలికి లాగేస్తుంది. 1988లో అమెరికాలో విలియం డాఘడే బృందం ఒక రోగి కణితే ఐజీఎఫ్-2ను తయారుచేస్తోందని చూపించింది.

తిరిగి కుక్కల దగ్గరకు

కుక్కల్లోనూ సరిగ్గా ఇవే రెండు దారులున్నాయి. మొదటిది క్లోమంలో ఇన్సులిన్ చేసే కణితి. ఇది ఎక్కువగా నడివయసు దాటిన కుక్కల్లో వస్తుంది, చాలావరకు క్యాన్సర్ స్వభావంతోనే ఉంటుంది. రెండోది కాలేయ కణితులు, పేగు గోడల్లోని నునుపు కండరాల్లో పుట్టే కణితులు. కుక్కల్లోని ఇలాంటి కణితుల్లో ఐజీఎఫ్-2 ఎక్కువగా ఉండటాన్ని పశువైద్య పరిశోధకులు గుర్తించారు.

తేడా పట్టుకునే పద్ధతి సూటిగా ఉంటుంది. చక్కెర 60 కన్నా తగ్గి ఉన్న సమయంలోనే తీసిన రక్తంలో ఇన్సులిన్‌ను కొలుస్తారు. చక్కెర అంత తక్కువ ఉన్నప్పుడు ఇన్సులిన్ దాదాపు అడుగంటాలి. అలా కాకుండా మామూలుగా ఉన్నా, ఎక్కువగా ఉన్నా అనుమానం క్లోమం మీదికి పోతుంది. ఇన్సులిన్ కూడా తక్కువే ఉంటే కాలేయ వైఫల్యం, తీవ్ర ఇన్ఫెక్షన్, అడ్రినల్ గ్రంథి లోపం లాంటివి చూస్తారు. వాటితో పాటే మిగతా చోట్ల కణితి కోసం స్కానింగ్ చేస్తారు. ఐజీఎఫ్ కొలతలు ఉపయోగపడేది ఇక్కడే.

అయితే వీటిని కొలవటం చక్కెర పరీక్షంత తేలిక కాదు. మొదట వీటికి అతుక్కున్న ప్రొటీన్లను విడదీయాలి, లేకపోతే అంకె తప్పొస్తుంది. పైగా ఐజీఎఫ్-2 మొత్తం ఎంతుందో తెలిస్తే చాలదు. అందులో ఆ పెద్ద రూపం ఎంతో చూడాలి. ఐజీఎఫ్-1తో పోల్చి చూడటం మనుషుల్లో ఉపయోగపడుతుంది, ఎందుకంటే ఈ కణితులున్నవారిలో అది సాధారణంగా తగ్గుతుంది. కుక్కల్లో ఇంకో చిక్కు. చిన్న జాతి కుక్కల్లో ఐజీఎఫ్-1 తక్కువ, పెద్ద జాతుల్లో ఎక్కువ. గ్రేట్‌డేన్ అంకెతో పామరేనియన్ అంకెను పోల్చలేం. అందుకే ఇది ఇంకా పరిశోధనశాలల్లోనే ఎక్కువగా జరుగుతోంది, ప్రతి పశువైద్యశాలలో దొరికే పరీక్ష కాదు.

మీ ఇంట్లో కుక్క ఉంటే

ఇంత తెలుసుకోవటం ఎందుకంటే, ముందుగా గుర్తించాల్సింది మీరే కాబట్టి. ఈ లక్షణాలు వచ్చిపోతుంటాయి. అందుకే చాలామంది వయసు మీద పడిందనో, ఎండదెబ్బ అనో సరిపెట్టుకుంటారు.

వాకింగ్ తర్వాతో, ఆకలి మీద ఉన్నప్పుడో వెనక కాళ్లు తడబడటం, వణుకు, అయోమయంగా చూడటం, కుప్పకూలటం, ఫిట్స్ కనిపిస్తే వెంటనే పశువైద్యులకు చూపించండి. ఎప్పుడు వచ్చింది, అంతకుముందు ఎప్పుడు తిన్నది రాసిపెట్టుకోండి. వీలైతే ఫోన్‌లో వీడియో తీయండి.

కుక్క మెలకువగా ఉంటే వెంటనే కొద్దిగా అన్నం పెట్టండి. మగతగా ఉంటే కాస్త తేనెనో గ్లూకోజు ద్రావణాన్నో చిగుళ్లకు రాయండి. ఫిట్స్ వస్తుంటే నోట్లో వేలు పెట్టొద్దు, కరిచే ప్రమాదముంది. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్లూ పాలూ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తీపి అతిగా ఇవ్వటమూ మంచిది కాదు. క్లోమంలో కణితి ఉంటే చక్కెర ఒక్కసారిగా పెరగ్గానే అది మరింత ఇన్సులిన్ వదిలి, చక్కెర మళ్లీ పడిపోయేలా చేయొచ్చు.

ఇంట్లో మనుషులకు వాడే గ్లూకోమీటర్ కుక్క రక్తంలో చక్కెరను చాలాసార్లు ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తుంది. ల్యాబ్ పరీక్షతో నిర్ధరించుకోవాలి. తీసిన రక్తాన్ని ఆలస్యం చేసినా అందులోని కణాలే గ్లూకోజును వాడేసుకుని అంకె తగ్గిపోతుంది. ఇంకో మాట. చక్కెర లేని చూయింగ్‌గమ్, మిఠాయిల్లో వాడే జైలిటాల్ కుక్క కడుపులోకి పోతే ఏ కణితీ లేకుండానే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. వాటిని అందకుండా పెట్టండి.

కణితి అని తేలినా ఆశ వదులుకోనక్కర్లేదు. తీసేయటానికి వీలైన కణితిని తీసేస్తే చక్కెర చాలామటుకు నిలదొక్కుకుంటుంది. వీలుకానప్పుడు రోజుకు నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా తిండి, అలసట లేని నడక, వైద్యులు సూచించిన మందులతో కొంతకాలం హాయిగా గడిచేలా చూడొచ్చు.

మనుషుల విషయంలోనూ ఇదే సూత్రం. మధుమేహానికి మందులు వాడేవారికి చక్కెర 70 కన్నా తగ్గితే మూడు చెంచాల గ్లూకోజు ఇచ్చి, పదిహేను నిమిషాలకు మళ్లీ కొలవండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ వేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏ మందూ వాడకుండానే చక్కెర పదేపదే పడిపోతుంటే మాత్రం మిఠాయితో సరిపెట్టొద్దు. దాన్ని దించుతున్నదేమిటో తేల్చాల్సిందే.

నూరేళ్ల కిందట ఆ వేసవిలో బతికి బయటపడని కుక్కల వల్ల కోట్లమందికి ఆయుష్షు దక్కింది. ఈసారి మీ కుక్క మెట్లెక్కుతూ తడబడితే, ముసలిదైపోయిందని వదిలేయకండి. దాని చక్కెర ఒకసారి కొలిపించండి. బాంటింగ్, బెస్ట్ చేసిన మొదటి పని కూడా అదే.